ఇల్లు చూడటానికి వచ్చే ఆవిడ

మొన్న బుధవారం మధ్యాహ్నం ఆఫీసు పక్కనున్న హాకర్ సెంటర్లో భోజనం క్యూలో ఉండగా ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఫోస్టర్ పేరెంట్స్ గ్రూపులో ఎవరో పెట్టారు. టేప్ ఆంటీ పొద్దున పోయారని, రేపూ ఎల్లుండీ సాయంత్రం వాళ్ళ ఫ్లాట్ల బ్లాక్ కిందే ఆఖరి చూపు చూడొచ్చని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నా వంతు వచ్చింది. నేను ప్లేటు తీసుకుని కూర్చుని అన్నం తిన్నాను. తినేసి, మావారికి ఫోన్ చేసి చెప్పాను.

"ఎవరూ? ఆ రూల్స్ ఆవిడా?" అన్నారాయన. "నువ్వు వెళ్ళు. నాకు మీటింగులున్నాయి" అన్నారు.

ఆయనకి మీటింగులు లేవు. ఆవిడ మీద కోపం ఉంది. ఆరేళ్ళయినా పోలేదు.

సొంత ఇంట్లో ఉండే వీలు లేని పిల్లల్ని ఇక్కడ కొంతకాలం వేరే కుటుంబాల్లో ఉంచుతారు. దత్తత కాదు. అమ్మో నాన్నో కోలుకున్నాక పిల్లలు తిరిగి వెళ్ళిపోతారు. అలా పెంచడానికి ముందుకొచ్చిన వాళ్ళ ఇళ్ళు చూసి, అనుమతి ఇవ్వొచ్చో లేదో రాసే ఉద్యోగం ఆవిడది. నేను చూసేనాటికే యాభై ఎనిమిదో, తొమ్మిదో ఉంటాయి. పొట్టిగా, బక్కగా, కత్తిరించుకున్న నెరిసిన జుట్టుతో ఉండేది. భుజాన ఒక గుడ్డ సంచీ. అందులో ఇనుప కొలటేపు, పెన్సిలు, నోటుబుక్కు, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, ఇంట్లో వేసుకునే సొంత చెప్పులు. ఎవరింటికెళ్ళినా బయటి చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచీలోంచి ఈ చెప్పులు తీసి వేసుకుని లోపలికి వచ్చేది. పిల్లలంతా టేప్ ఆంటీ అనేవాళ్ళు. పెద్దవాళ్ళం కూడా అదే అలవాటు చేసుకున్నాం.

మొదటిసారి ఆవిడ సెంగ్‌కాంగ్‌లో మేముండే ఫ్లాటుకి వచ్చిన రోజు నేను గారెలు చేశాను. ముట్టుకోలేదు. టీ ఇస్తే వద్దంది.

"ఇల్లు చూసేటప్పుడు టీ తాగకూడదమ్మా. తాగితే ఇల్లు బాగున్నట్టే ఉంటుంది" అంది తెలుగులో.

నేను ఆశ్చర్యపోయాను. ఆవిడ తెలుగావిడని మాకెవరూ చెప్పలేదు. వాళ్ళ తాత చిత్తూరు వైపు నుంచి సెంబవాంగ్ నేవల్ బేస్‌లో పనికి వచ్చాడట. ఆవిడ ఒక్కసారి కూడా చిత్తూరు చూడలేదు. తెలుగు చదవడం రాదు. మాట్లాడేది మాత్రం మా అమ్మమ్మల కాలం నాటి తెలుగు, మధ్యమధ్యలో తమిళం, మలయ్. గదిని "బిలిక్" అనేది. సరే అనడానికి "సరి" అనేది. వచ్చాను అనకుండా "వస్తిని" అనేది.

నోటుబుక్కు తెరిచి మొదట అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది.

"మీరిద్దరూ పోట్లాడుకుంటే ముందు తలుపేసుకునేది ఎవరు?"

మావారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పెన్సిలు పట్టుకుని చూస్తూ కూర్చుంది. చివరికి ఆయనే, "నేనేనండీ" అన్నారు. రాసుకుంది.

"గట్టిగా వేస్తారా, మెల్లగానా?"

"గట్టిగానే."

అదీ రాసుకుంది.

తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, గ్రిల్‌ని రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగింది. ఆ వయసులో ఆ బక్క మనిషి పదో అంతస్తు కిటికీకి వేలాడుతుంటే నాకు భయం వేసింది. ప్రతి కిటికీకీ అలాగే చేసింది. అదయ్యాక నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ఎత్తులోనే ఇల్లంతా తిరిగింది. హాలు, వంటిల్లు, స్నానాలగది, అన్నీ.

"నా ఎత్తుకి అన్నీ బాగానే ఉన్నాయి. మూడడుగుల మనిషికి ఏమి కనిపిస్తుందో చూస్తున్నా" అంది.

మూడడుగుల మనిషికి మా సింకు కింద ఆకుపచ్చ రంగు ఫ్లోర్ క్లీనర్ సీసా కనిపిస్తుంది. చూడటానికి అచ్చం షర్బత్‌లా ఉంటుంది. నేనెప్పుడూ గమనించలేదు. మా అమ్మాయిని పెంచిన ఇల్లే అది. అప్పటికే పాలిటెక్నిక్‌లో చదువుతూ హాస్టల్లో ఉంటోంది. నాకు పిల్లల్ని పెంచడం తెలుసని నమ్మకం. ఆ సీసాని ఆవిడ బల్ల మీద నా ఎదురుగా పెట్టి, మోకాళ్ళు దులుపుకుంది.

పొగడటం ఆవిడకి రాదు. అంతా బాగుంటే "ఊఁ" అనేది. బాగా లేకపోతే రాసుకునేది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "మళ్ళీ వస్తా, జాగా చేయాల కదా" అంది. ఇల్లు చూడటానికి మళ్ళీ వస్తుందనుకున్నాను. తర్వాత ఆఫీసులో మలయ్ అమ్మాయిని అడిగితే, వాళ్ళ భాషలో జాగా అంటే కనిపెట్టుకుని ఉండటమని చెప్పింది. కావలి కాయడం లాగా. ఆవిడ ఏ అర్థంలో అందో నేనెప్పుడూ అడగలేదు.

మా ఇంటికి వచ్చిన పిల్ల పేరు ఇక్కడ రాయకూడదు. మేం చిట్టి అనేవాళ్ళం. రెండున్నరేళ్ళ పిల్ల. మా ఇంటికి రాకముందే మూడు ఇళ్ళు మారింది. వాళ్ళమ్మ ఆరోగ్యం బాగుండేది కాదు. అంతకు మించి మాకు చెప్పలేదు, మేం అడగలేదు. చిట్టికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా సూట్‌కేసు బయటికి తీస్తే చాలు, వెళ్ళి తన బూట్లు తెచ్చుకుని, తొడుక్కుని, తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చునేది. ఏడ్చేది కాదు. పిలిస్తే వచ్చేది కాదు. మావారు రెండు రోజుల పనికి జకార్తా వెళ్తున్నా అంతే. తనని పంపించడం లేదని నమ్మడానికి ఆ సూట్‌కేసు ఇంట్లోంచి వెళ్ళిపోవాలి, తను ఇంట్లోనే ఉండాలి. అప్పుడు బూట్లు విప్పేది.

ఈ సంగతి టేప్ ఆంటీకి చెబితే, తల ఊపి, ఎన్నిసార్లు జరిగిందో, ఎంతసేపు కూర్చుందో అడిగి రాసుకుంది. నాకది కటువుగా అనిపించింది. అయ్యో అని కూడా అనలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఆవిడ నెలకోసారి వచ్చేది. చిట్టి మాటలు నేర్చింది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది, చివర ఇక్కడివాళ్ళందరిలాగే ఒక "లా" తగిలించి. మాకు పెద్ద ఇల్లు కావాలనిపించి సెంబవాంగ్‌లో ఒక ఫ్లాటు కొన్నాం. ఉన్న ఫ్లాటు అమ్మేశాం. కొన్నవాళ్ళకి ఫలానా తేదీకి ఖాళీ చేసిస్తామని సంతకం పెట్టాం. సామాను మోసేవాళ్ళని మాట్లాడాం. అన్నీ అయ్యాక, ఇల్లు మారడానికి మూడు వారాల ముందు, నెలవారీగా ఆవిడ వచ్చినప్పుడు సంతోషంగా చెప్పాను.

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది.

"ఇల్లు వెతికేటప్పుడు చెప్పాల కదమ్మా."

"ఇప్పుడు చెప్తున్నాను కదా ఆంటీ."

"ఇప్పుడు నువ్వు చెప్పేది లారీ వాడికి చెప్పినాక."

నాకు చురుక్కుమంది. రెండేళ్ళుగా పిల్లని పెంచుతున్నాం, మళ్ళీ మాకు పరీక్షేంటి అన్నాను. మీకు కాదు, ఇంటికి అంది. అప్పుడు కాగితాలు తీసి చూపించింది. అనుమతి మాకు వచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఆ ఇంట్లో ఉన్న మాకు వచ్చింది. అడ్రసు మారితే, కొత్త ఇల్లు చూసి సరే అనేదాకా పిల్ల అక్కడ పడుకోకూడదు. కిటికీలు, మంచం, స్కూలు దూరం, వాళ్ళమ్మ వచ్చి చూసే చోటికి దూరం, ఇంట్లో ఎవరెవరు ఉంటారు. అన్నీ మళ్ళీ మొదటి నుంచి.

"మూడు వారాలు చాలవా?" అన్నాను.

"అన్నీ ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలును" అంది.

ఉన్నది ఉన్నట్టు లేదు. ఆ సంగతి నాకప్పుడే తెలుసు. చెప్పలేదు.

మావారి పెదనాన్నగారి కొడుకు కిరణ్ అప్పుడు ఇక్కడే యూనివర్సిటీలో రీసెర్చ్ చేసేవాడు. క్లెమెంటిలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాడు. ఇంటావిడ ఆ గది ఖాళీ చెయ్యమంది. రెండు నెలలు కొత్త ఇంట్లో ఉంటానన్నాడు. మాకేం అభ్యంతరం? మంచివాడు. తాళాలు చేతికి రాగానే మూడో గదిలో పరుపు వేసుకుని ఉండిపోయాడు. ఫారంలో ఇంట్లో ఉండే పెద్దవాళ్ళ పేర్లు రాసే చోట నేను మా ఇద్దరి పేర్లూ, మా అమ్మాయి పేరూ రాశాను. కిరణ్ పేరు రాస్తే అతని కాగితాలు, పోలీసు రికార్డు, ఇంటర్వ్యూ, అన్నీ చూడాలి. నెలలు పడుతుందని విన్నాను. రెండు నెలలుండి పోయే మనిషికి అదంతా ఎందుకనుకున్నాను. ఆవిడ కొత్త ఇల్లు చూడటానికి వచ్చే రోజు ఆ గది సర్ది, తలుపు వేసి, సాయంత్రం దాకా ఇంటికి రావద్దని అతనికి చెప్పాను.

బూట్లు మర్చిపోయాను.

లిఫ్టు దిగి వస్తూనే ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. ఇంకా చెప్పులు కూడా విడవలేదు. తలుపు పక్కన నల్ల బూట్ల జత. కొత్తవి, శుభ్రంగా తుడిచినవి.

"ఇవి ఎవరివి?"

"పెయింటర్‌వి అనుకుంటా ఆంటీ" అన్నాను.

ఆవిడ వంగి ఒక బూటు చేతిలోకి తీసుకుంది. అడుగు చూసింది. ఎక్కడా రంగు చుక్క లేదు. మళ్ళీ జతగా ఉన్నచోటే పెట్టి, లోపలికి వచ్చి, అన్ని గదులూ మామూలుగానే చూసింది. గ్రిల్స్ లాగింది. మోకాళ్ళ మీద తిరిగింది. మూడో గది తలుపు తీసింది. పరుపు, మడత పెట్టిన దుప్పటి, గోడకి గుచ్చి మరిచిపోయిన ఛార్జరు, కిటికీ గట్టు మీద నాలుగు లావు పుస్తకాలు.

తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసింది.

నేను చెప్పేశాను. చెప్పి, "మా మనిషే ఆంటీ. పుస్తకం తప్ప ఇంకోటి తెలియదు. మీరు చూస్తే మీరే అంటారు" అన్నాను.

"అందరూ ఎవరో ఒకరి మనిషేనమ్మా" అంది.

మావారు ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చారు. కిరణ్ రేపే వెళ్ళిపోతాడన్నారు. స్నేహితుల దగ్గరో, ఎక్కడో ఒకచోట ఉంటాడన్నారు. ఆవిడ విన్నది.

"రేపు పోయి ఎల్లుండి రాడని నేను ఎట్లా రాసేది? పెయింటర్ అంటిరి కదా ఇందాక."

ఆయనకి ఆ సంగతి తెలియదు. నా వైపు చూశారు. నేను నేల చూశాను.

నేనూ చిట్టీ కొన్నాళ్ళు హోటల్లో ఉంటామన్నాను. కుదరదు. పోనీ నా స్నేహితురాలి ఇంట్లో? ఆ ఇల్లు కూడా చూడాల్సిందే. ఏది చెప్పినా దారి అక్కడికే తిరిగొస్తోంది. పాత ఫ్లాటు శుక్రవారానికి ఖాళీ చెయ్యాలి. కొన్నవాళ్ళని గడువు అడిగితే, వాళ్ళ లారీ కూడా సిద్ధంగా ఉందన్నారు. చివరికి నేను బతిమాలాను.

"ఆ పిల్ల మొహం చూసయినా సరే అనండి ఆంటీ. మళ్ళీ ఇంకో ఇంటికి పంపిస్తే తట్టుకోలేదు. మీకు తెలుసు కదా."

అప్పుడామె టేపు చుట్టుకుంటోంది. చుట్టడం ఆపలేదు.

"ఒక పాప మొహం చూసి ఒకసారి సరి అంటిని. ఆ ఇంట్లో ఇంకా ఎవరుండేదీ అడగలేదు" అంది. టేపు సంచీలో పెట్టుకుంది. మావారు ఏదో అనబోతే నేను చెయ్యి పట్టుకున్నాను.

కిరణ్ ఖాళీ చేసి వెళ్ళాలి, కొత్త గది అగ్రిమెంటు చూపించాలి, ఆవిడ చెప్పకుండా వచ్చి చూడాలి, పైవాళ్ళు సంతకం పెట్టాలి. అప్పటిదాకా చిట్టి జురాంగ్ వైపు ఉండే ఇంకో ఫోస్టర్ అమ్మ దగ్గర ఉంటుంది. ఎన్నాళ్ళని అడిగితే, పది, పన్నెండు రోజులంది.

ఆ శుక్రవారం పొద్దున ఇంటి నిండా అట్టపెట్టెలు. చిట్టి చూసింది. వెళ్ళి బూట్లు తొడుక్కుని తలుపు పక్కన కూర్చుంది. రెండేళ్ళుగా ప్రతిసారీ "నిన్నెక్కడికీ పంపించం" అని చెప్పి ఒప్పించిన పిల్ల. ఈసారి ఆ మాట చెప్పడానికి లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి ఖాళీ అలమరాలు మళ్ళీ తుడిచాను.

ఆవిడ తొమ్మిదింటికి వచ్చింది. ఈసారి ఇంటి చెప్పులు తియ్యలేదు. బయటి చెప్పులతోనే గుమ్మంలో చిట్టి పక్కన నేల మీద కూర్చుంది. లారీవాళ్ళు వాళ్ళిద్దరి పక్కనుంచే సామాను మోసుకెళ్తున్నారు. తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పిల్లకి తెలిసిన ఇంగ్లీషులోనే, ఒక్కో మాటా. కొత్త ఇల్లు ఇంకా రెడీ కాలేదు. నువ్వు వేరే ఆంటీ ఇంటికి వెళ్తావు. పన్నెండు సార్లు పడుకుని లేస్తావు. తర్వాత నేనే నిన్ను తీసుకొస్తాను.

"ప్రామిస్?" అంది చిట్టి.

"ప్రామిస్ చెప్పను" అందావిడ. "రెడీ అయితే తెస్తా. కాకపోతే వచ్చి కాలేదని చెప్తా."

అంత చిన్న పిల్లకి అలా చెప్పొచ్చా అని నాకు ఒళ్ళు మండింది. చిట్టి "మై బెడ్ ఆల్సో కమ్ ఆ?" అని అడిగింది.

మంచం కొత్త ఇంటికి వెళ్తుందని, దాని కోసం అక్కడ చోటు ఉందో లేదో ఇప్పుడే కొలుద్దామని ఆవిడ టేపు ఒక కొస పిల్ల చేతికిచ్చింది. ఇద్దరూ వెళ్ళి మంచం కొలిచారు. పొడవు, వెడల్పు నోటుబుక్కులో రాసి, ఆ కాగితం చింపి చిట్టి జేబులో పెట్టింది. తర్వాత చెయ్యి పట్టుకుని లిఫ్టు ఎక్కించింది. చిట్టి వెనక్కి తిరిగి చూడలేదు. మావారు బాల్కనీలో నిలబడి ఉన్నారు, గోడ వైపు తిరిగి.

పన్నెండు రోజులు కాదు, పద్నాలుగు పట్టింది. ఈలోగా ఆవిడ రెండుసార్లు చెప్పాపెట్టకుండా సెంబవాంగ్ వచ్చింది. ఒకసారి ఆదివారం పొద్దున ఏడింటికి. మూడో గది చూసింది, బాత్‌రూములో బ్రష్షులు లెక్కపెట్టింది. మావారు గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదు. ఆవిడకి అది పట్టినట్టు లేదు. చిట్టితో మాకు రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు వీడియో కాల్. ఫోన్ పట్టుకున్నావిడ మొహం మాకు కనిపించేది కాదు. ఆ అయిదు నిమిషాలూ చిట్టి గోడకేసి చూస్తూ కూర్చునేది. అడిగిన దానికి ఊఁ అనేది, టేప్ ఆంటీ లాగే.

పద్నాలుగో రోజు తీసుకొచ్చారు. నేను గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డాను. చిట్టి నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి, తన గది వెతుక్కుని, జేబులోంచి కాగితం తీసి మంచం మీద పెట్టింది. బూట్లు విప్పలేదు. బూట్లతోనే పడుకుంది. మూడో రోజున విప్పింది. నాతో సరిగ్గా మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది.

ఆ నెల నేను ఎవరి మీద కోపం పెట్టుకోవాలో తెలియక ఆవిడ మీద పెట్టుకున్నాను. అది తేలిక. తర్వాత తర్వాత పోయింది. పెయింటర్ అన్నది ఆవిడ కాదు కదా.

ఆ తర్వాత ఏడాదికి చిట్టి వాళ్ళమ్మ కోలుకుంది. పనిలో చేరింది. ఇల్లు దొరికింది. పిల్లని తనతో తీసుకెళ్ళొచ్చని నిర్ణయమైంది. ఆ మాట చెప్పడానికి టేప్ ఆంటీ వచ్చిన రోజు, నాకు తెలియకుండానే ప్రశ్నలు వచ్చేశాయి. ఎన్నో అంతస్తు? కిటికీలకి గ్రిల్స్ ఉన్నాయా? తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి? మందులు ఎక్కడ పెడుతుంది? ఆవిడ నోటుబుక్కు తెరిచి ఒక్కొక్కదానికీ చదివి చెప్పింది.

"ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా?" అని అడిగాను.

ఆవిడ నా వైపు చూసింది. అంతకాలంలో ఆవిడ మొహంలో నవ్వులాంటిది నేను చూసింది అప్పుడే.

"లేరు. రెండుసార్లు చెప్పకుండా పోయి చూస్తిని" అంది.

ఆ రోజు టీ ఇస్తే తాగింది. ఇల్లు చూసే పని అయిపోయింది కాబట్టి కావచ్చు. చక్కెర ఎక్కువైందని కూడా చెప్పింది.

చిట్టి వెళ్ళాక మేం ఇంకో పిల్లని తీసుకోలేదు. అడిగారు. కొన్నాళ్ళాగుతామన్నాం. ఆగుతూ ఆగుతూ ఉండగా మా అనుమతి గడువు దాటిపోయింది. ఆవిడ రిటైరయ్యేదాకా ఏడాదికోసారి ఫోన్ చేసేది. "పాప బాగుంది. పొడుగైంది" అని రెండే మాటలు. అంతకంటే చెప్పడానికి రూలు ఒప్పుకోదు. రిటైరయ్యాక ఆ ఫోనూ లేదు.

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళాను. బ్లాక్ కింద ఖాళీ స్థలంలో తెల్లగుడ్డలు కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆవిడని ఉంచిన పెట్టె పక్కన తమ్ముడూ, అతని భార్యా ఉన్నారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఫోస్టర్ కుటుంబాల వాళ్ళే, చైనీయులు, మలయ్‌లు, తమిళులు. ఒక లావుపాటి తమిళావిడ నా పక్కన కూర్చుని, మీ ఇల్లెక్కడని అడిగింది. మాటల్లో తెలిసింది, చిట్టి ఆ పద్నాలుగు రోజులూ ఉన్నది ఈవిడ దగ్గరేనని.

"ఆమె రోజూ వచ్చేదమ్మా" అంది. "డ్యూటీ అయిపోయాక, ఆరింటికి. ఆదివారం కూడా. తలుపు దగ్గర ఆ పిల్ల పక్కన కూర్చునేది. ఇవాళ ఇంకా రెడీ కాలేదు, రేపు చూస్తాను అని చెప్పేది. ఇరవై నిమిషాలు ఉండి పోయేది. నేను కాఫీ ఇస్తే తాగేది కాదు."

టేప్ ఆంటీ ఉండేది ఊరికి తూర్పు కొసన, పాసిర్ రిస్‌లో. జురాంగ్ పడమటి కొస. రైల్లో పోనూ రానూ రెండున్నర గంటలు. పద్నాలుగు రోజులు. మాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే మావారికి కోపం తగ్గేది. బహుశా ఆవిడకి ఆ కోపం తగ్గించుకోవాల్సిన పనేమీ కనిపించలేదు.

లేచి వచ్చేద్దామనుకుంటుండగా స్కూలు యూనిఫారంలో ఒక పిల్ల, వాళ్ళమ్మ వచ్చారు. తల్లిని నేను వెంటనే గుర్తుపట్టాను. పిల్లని పట్టలేకపోయాను. పదేళ్ళ పిల్ల, పొడుగ్గా ఉంది. తల్లి నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. చూడనట్టు వెళ్ళిపోయినా తప్పు పట్టేదాన్ని కాదు. కానీ పిల్ల భుజం మీద చెయ్యి వేసి నా దగ్గరికి తీసుకొచ్చింది.

"చిన్నప్పుడు నువ్వు ఈ ఆంటీ ఇంట్లో ఉన్నావు" అని చెప్పింది ఇంగ్లీషులో.

పిల్ల నన్ను పరీక్షగా చూసింది. "షిప్స్ కనిపించే ఇల్లా?"

"ఆ ఇల్లే" అన్నాను. సెంబవాంగ్ వంటింటి కిటికీలోంచి రేవులో మరమ్మతుకొచ్చిన ఓడలు కనిపిస్తాయి. మేం వాటిని చూడటం ఎప్పుడో మానేశాం.

తల్లి దణ్ణం పెట్టడానికి పెట్టె దగ్గరికి వెళ్ళింది. పిల్ల నా పక్క కుర్చీలో కూర్చుని, అక్కడ పెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరెవరు ఉంటారని అడిగింది. నేనూ అంకులే అన్నాను. అక్కకి పెళ్ళయి వేరే ఉంటోందన్నాను.

"దెన్ మై రూమ్ హూ స్టే?"

"ఎవరూ లేరు. ఖాళీగా ఉంది."

ఒక గింజ నోట్లో వేసుకుని నమిలి, "వేస్ట్ లా" అంది. వాళ్ళమ్మ పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం టేప్ ఆంటీ పనిచేసిన ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఎవరో కొత్త అమ్మాయి, గొంతు వింటే పాతికేళ్ళు కూడా ఉండవు. వివరాలు రాసుకుంది. మీ అనుమతి అయిపోయి చాలా రోజులైంది మేడమ్, మళ్ళీ మొదటి నుంచి ఇల్లు చూడాలి అని భయపడుతూ చెప్పింది. చాలామంది ఆ మాటకి గొడవ పడతారేమో.

ఎప్పుడొస్తారని అడిగాను.